పథ్యమంటే పస్తు కాదు

ఉదయం ఖాళీ కడుపుతో ఒక కప్పు చాయ్, మధ్యాహ్నం రెండు గంటలు దాటిన పిదప నాలుగు మిర్చి బజ్జీలు, రాత్రి పదిన్నరకు కడుపునిండా భోజనం, ఆ వెంటనే నిద్ర. మన విద్యార్థులలో పలువురి దినచర్య ఇదే. ఇట్టి అలవాటు కొన్ని మాసాలు సాగిన మీదట పులిత్రేన్పులు, ఛాతీలో మంట, తెల్లవారుజామున నోటిలోనికి పుల్లని నీరు రావడంలో వింత లేదు. వింత అనదగినది ఆ తరువాత జరిగే వ్యవహారమే. మంటకు భయపడి కొందరు పులుపు, కారం, పప్పు, చివరకు రాత్రి భోజనం సైతం మానివేసి చిక్కి శల్యమవుతారు. మరికొందరు కడుపు ఖాళీగా ఉంచరాదని విని గంటకొకసారి పాలు, బిస్కెట్లు, బన్నులు తింటూ స్థూలకాయులవుతారు. ఈ రెండు త్రోవలూ ఆరోగ్యానికి చేర్చేవి కావని నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా ఈ బాధ స్వభావాన్ని గ్రహించాలి. అన్ననాళం జీర్ణాశయంలో కలిసే చోట ఒక కండర వలయం ఉంది. ఆహారం దిగేటప్పుడు అది తలుపువలె తెరచుకొని, తరువాత మూసుకొంటుంది. అకాలంలో ఆ వలయం సడలినా, క్రిందినుండి ఒత్తిడి పెరిగినా జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. జీర్ణాశయపు లోపలి పొర ఆమ్లాన్ని తట్టుకోగలదు. అన్ననాళానికి అంతటి శక్తి లేదు. కొవ్వు అధికంగా గల ఆహారం జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలుస్తుంది. పొగాకు ఆ తలుపును సడలిస్తుంది. పొట్టలో పేరుకొన్న కొవ్వు జీర్ణాశయాన్ని నొక్కుతుంది. అందుచేతనే అధిక బరువు గలవారు కొంత తగ్గితే మంట కూడా తగ్గుతుందని వైద్యులు చెబుతారు. అయితే ఆ సలహా అధిక బరువు గలవారికే. బక్కపలచని విద్యార్థి దానిని తనకు అన్వయించుకొంటే ఉన్న బలం కూడా పోతుంది.

పాల విషయంలో ఒక చరిత్ర ఉంది. 1915లో చికాగో వైద్యుడు బెర్ట్రామ్ సిప్పీ జీర్ణకోశపు పుండ్లకు గంటగంటకు పాలు, మీగడ ఇచ్చే చికిత్సను ప్రకటించాడు. అది దశాబ్దాల తరబడి ఆచరణలో ఉండినది. పాలు కొంతసేపు మంటను చల్లార్చినా, పిమ్మట మరింత ఆమ్లాన్ని ఊరిస్తాయని తరువాత తేలింది. ఆ చికిత్స వైద్యశాలలనుండి తొలగిపోయినా, దానిని పోలిన అలవాటు మన ఇండ్లలో నిలిచే ఉంది. ఒక గ్లాసు పాలు ఆహారంగా మంచిదే. దానిని మంటకు మందుగా రోజుకు పదిసార్లు త్రాగడమే తగనిది.

మన కళాశాలలో రెండు భాషలు వినిపిస్తాయి. ఉర్దూలో ‘పర్హేజ్’ అంటాము. తెలుగులో ‘పథ్యం’ అంటాము. మొదటి మాటకు దూరంగా ఉండడమని అర్థం. రెండవది ‘పథం’ అనే మాటనుండి వచ్చినది. దారికి తగినదని, హితమైనదని దాని భావం. ఏది మానాలో ఒకటి చెబితే, ఏది తినాలో మరొకటి చెబుతుంది. మనం పర్హేజ్ మాత్రమే నేర్చి, పథ్యాన్ని మరచిపోయాము. లంఖణం పరమౌషధమన్న సామెత ఒక పూట అజీర్ణానికి సరిపోవచ్చును గాని, నెలల తరబడి ఉండే బాధకు అది మందు కాజాలదు.

కనుక నా సూత్రం ఒక్కటే: ఒకటి మానితే, దానికి దీటైనది మరొకటి చేర్చాలి. చింతపండు, టమాటా, కారం అందరినీ ఒకే విధంగా బాధింపవు. రెండు వారాలు తిన్నది, బాధించినది వ్రాసుకొని, నిజంగా పడనిదానినే విడిచిపెట్టాలి. పులుసు పడనివారు సోరకాయ, బీరకాయ పప్పు తినవచ్చును. వేయించిన మాంసం పడనివారికి ఉడికించిన గ్రుడ్డు, తక్కువ నూనెతో వండిన చేప ఉన్నాయి. నారింజ పడకపోతే అరటిపండు ఉంది. బరువు పెరగదలచిన సన్ననివారు నేతిని ఆశ్రయించరాదు. అన్నం, పప్పు, గ్రుడ్లు, పండ్లను నాలుగైదు చిన్న భోజనాలుగా పంచుకోవాలి. తగ్గదలచినవారు పూటలు మానక, వేపుళ్లు, మిఠాయిలు, తీపి పానీయాలు తగ్గించి, రోజూ అరగంట నడవాలి.

తగిన బరువేదో కంటితో తేల్చరాదు. కిలోగ్రాములలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే అంకె మన దేశీయులకు 18.5 నుండి 22.9 వరకు ఉండడం మేలు. 165 సెంటీమీటర్ల ఎత్తు గల యువకునికి అది సుమారు 50 నుండి 62 కిలోలు.

రంజాన్ మాసంలో ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. పలువురు మంటకు ఉపవాసాన్ని నిందిస్తారు. నా దృష్టిలో దోషం ఇఫ్తార్ పళ్లెంలోనే ఎక్కువ. ఖర్జూరం, నీరు, పండ్లతో విడిచి, కొంత వ్యవధి తరువాత మితంగా భుజించినవాని రాత్రి, పకోడీలు, సమోసాలు, హలీం ఒక్క బిగిన ఆరగించినవాని రాత్రి ఒకే విధంగా గడవవు. సెహరీకి ఖిచ్డీ మంచిదే; దాని ప్రక్కన ఖట్టా కొంత తగ్గాలి. ఆ పిదప పడుకొనక తప్పనివారు మంచం తలవైపు కాళ్ల క్రింద ఇటుకలు పెట్టి ఆరంగుళాల ఎత్తు చేసుకోవాలి. మందులు వాడుతున్నవారు మాసానికి ముందే వైద్యుని సంప్రదించాలి.

ఒక హెచ్చరిక. ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, ముద్ద దిగడం కష్టమైనా, వాంతిలో రక్తం కనిపించినా, మలం నల్లగా ఉన్నా ఇంటి పథ్యంతో కాలయాపన చేయరాదు. మంట అనుకొన్నది చేతికో దవడకో పాకితే, చెమటలు పడితే అది గుండె నొప్పి కావచ్చును. తక్షణం వైద్యశాలకు వెళ్లాలి. దుకాణంలో మాత్రలు కొని నెలల తరబడి మ్రింగడం కూడా వివేకం కాదు.

చివరగా పాలకవర్గ సభ్యులకు నా మనవి. పర్హేజ్ విద్యార్థి ఒక్కడే చేయగలడు. పథ్యానికి వంటశాల తోడు కావాలి. నిద్రకు రెండు మూడు గంటలు ముందే భోజనం ముగించాలని మేము పాఠం చెప్పినా, వసతిగృహంలో గరిటె తొమ్మిదిన్నరకు గాని లేవకపోతే ఆ పాఠం వ్యర్థం. రాత్రి భోజనం ఏడున్నరకే వడ్డించండి. మొదటి గంట మ్రోగక ముందే క్యాంటీన్‌లో ఇడ్లీ, ఉప్మా, గ్రుడ్డు, అరటిపండు బజ్జీల కన్న చౌకగా లభించేటట్లు చూడండి. వ్యాయామ శాఖ గదిలో ఒక బరువు యంత్రం ఉంచి, ఏటా రెండుసార్లు ప్రతి విద్యార్థి బరువు నమోదు చేయించండి. ఈ మూడింటికీ అయ్యే వ్యయం స్వల్పం. ఆకలితోనో మంటతోనో బల్లపై తల వాల్చిన విద్యార్థికి ఎంతటి అధ్యాపకుడైనా ఏమి బోధింపగలడు?