తెర లాగే చేతికి పేరేదీ?

ఉగాది దగ్గర పడిందంటే బళ్లారి చుట్టుపక్కల పల్లెల్లో గోడలకు నాటకం పోస్టర్లు పడతాయి. శ్రీకృష్ణ రాయబారమో, కురుక్షేత్రమో, సత్య హరిశ్చంద్రో. కిరీటాలు పెట్టుకున్న పాత్రధారుల ఫోటోలు వరసగా ఉంటాయి. చందాలిచ్చిన పెద్దల ఫోటోలు అంతకంటే పెద్దవిగా ఉంటాయి. హార్మోనియం మాస్టారి పేరు అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఇక తెర లాగేవాడు, రంగు వేసేవాడు, పుస్తకం పట్టుకొని మాట అందించేవాడు... వీళ్ల పేర్లు భూతద్దం పెట్టి వెతికినా దొరకవు.

పేరులో ఏముందిలే అనుకోవచ్చు. కానీ పేరు లేని పనికి వారసుడు రాడు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

అసలు మన ఊళ్లో నాటకం ఎట్లా తయారవుతుందో ఒకసారి చూడండి. రెండు మూడు నెలల ముందే మాస్టారు వస్తాడు. చాలా ఊళ్లలో హార్మోనియం వాయించేదీ, నాటకం నేర్పేదీ ఆయనే. ఒక్కొక్కరినీ పాడించి ఎవరి శ్రుతి ఎంతో చూసి వేషం నిర్ణయిస్తాడు. కృష్ణుడి వేషం ఒక్కరికే ఇస్తే తెల్లవార్లూ గొంతు నిలవదు, ఊళ్లో పోటీ కూడా ఆగదు. అందుకే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పంచుతారు. వేషానికి ఇంత అని పాత్రధారులే డబ్బు కట్టుకునే ఊళ్లూ ఉన్నాయి.

పొలం పనులయ్యాక రాత్రిపూట గుడి దగ్గర తాలీము మొదలవుతుంది. మన పిల్లలు చదివేది కన్నడ మీడియం. ఇంట్లో మాట తెలుగే గానీ అక్షరం రాదు. అందుకని తిరుపతి వేంకట కవుల పద్యాలను కన్నడ లిపిలో రాసుకొని బట్టీ పడతారు. ఎక్కడ విరవాలి, ఏ మాటకు ఒత్తు పలకాలి, రాగం ఎంతసేపు తీయాలి, అన్నీ మాస్టారే చెప్పాలి. తెలుగు బడి లేని ఊళ్లో తెలుగు పంతులు ఆయనే. ఈ సంగతి మనం గుర్తించం.

నాటకం రోజు పొద్దున డ్రామా సీనరీ వాళ్ల లారీ వస్తుంది. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, మైకులు, లైట్లు దిగుతాయి. తాడు దగ్గర నిలబడే మనిషికి నాటకం మొత్తం తెలిసి ఉండాలి. రాగం ముగియకముందే తెర పడితే ఈలలు, ఆలస్యంగా పడితే నవ్వులు. వన్స్‌మోర్ అని కేకలొస్తే మళ్లీ లేపాలి. రంగు వేసే మనిషి మధ్యాహ్నం కూర్చుంటే పది పదిహేను ముఖాలు అయ్యేదాకా లేవడు. మీసం ఊడకుండా, కిరీటం జారకుండా చూసే పూచీ కూడా ఆయనదే.

స్త్రీ పాత్రలకు పట్టణం నుంచి వచ్చే కళాకారిణులు సాయంత్రానికి దిగుతారు. మనవాళ్లతో కలిసి ఒక్క తాలీమూ ఉండదు. ఆమె శ్రుతి ఒకటి, మనవాడి శ్రుతి మరొకటి. పద్యానికీ పద్యానికీ మధ్య రెంటినీ కలిపి నెట్టుకొచ్చేది హార్మోనిస్టే. తెర పక్కన ప్రాంప్టరు గుసగుసగా మాట అందించకపోతే ఎంత గొప్ప దుర్యోధనుడైనా నోరు తెరిచి నిలబడాల్సిందే.

రెండేళ్ల కిందట సిరుగుప్ప వైపు ఒక ఊరికి నాటకం చూద్దామని వెళ్లాను. వేషాలు సిద్ధం, సీనరీకి అడ్వాన్సు ఇచ్చేశారు. మాస్టారికి ఒంట్లో బాగాలేదు. ఆయన బదులు కూర్చునే మనిషి కోసం చుట్టూ అయిదారు ఊళ్లకు ఫోన్లు చేశారు. ఎవరూ దొరకలేదు. ఆ రాత్రి అదే స్టేజీ మీద ఆర్కెస్ట్రా పెట్టారు. మూడు నెలలు పద్యాలు నేర్చిన పిల్లలు కింద కూర్చొని సినిమా పాటలు విన్నారు.

ఇది జరిగింది ఎక్కడో కాదు, బళ్లారి జిల్లాలో. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టి 1880లలోనే తెలుగు నాటకాలు ఆడించిన గడ్డ ఇది. కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాసిందీ ఇక్కడే. ధర్మవరం మేనల్లుడు రాఘవ వకీలుగా కోర్టుకు వెళ్తూనే మహానటుడయ్యాడు. ఆయన పేరిట ఊళ్లో కళామందిరం ఉంది. 1981లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. చాలా మంచిది. ఆయన ముఖానికి రంగు వేసిందెవరో, తెర లాగిందెవరో మనలో ఎంతమందికి తెలుసు?

సురభి వాళ్లను చూసి నేర్చుకోవాలి. 1885లో కడప జిల్లాలో మొదలైన ఆ కుటుంబాల్లో స్టేజీ మీద రాజు వేషం వేసినవాడే తెర వెనక తాడు లాగుతాడు. పిల్లలు అక్కడే పెరుగుతారు, పని చేతికి వస్తుంది. మనవి నాటక కుటుంబాలు కావు. మనవాళ్లు రైతులు, టైలర్లు, టీచర్లు. కాబట్టి నేర్పే ఏర్పాటు మనమే చేసుకోవాలి.

నాటక కమిటీలకు నేను చెప్పేది మూడు మాటలు. ఒకటి, తాలీము మొదలైన రోజు నుంచి మాస్టారి పక్కన ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టండి. చందాల్లోంచి వాళ్లకూ కొంత ఇవ్వండి. రెండు, రాగం, శ్రుతి, తెర ఎత్తే చోటు గుర్తులు పెట్టుకున్న మాస్టారి పుస్తకాన్ని జిరాక్స్ తీయించి ఊరి గ్రంథాలయంలో పెట్టండి. మూడు, తెర వెనక వాళ్ల పేర్లు పోస్టరులో వేయండి. వాళ్లకు శాలువా జనం ఉన్నప్పుడే కప్పండి, తెల్లవారుజామున కుర్చీలు ఖాళీ అయ్యాక కాదు.

డబ్బు కట్టినవాడు తన ఫోటో అడుగుతాడు, చోటెక్కడిది అంటారేమో. నిజమే. ఫోటోలు అట్లాగే ఉంచండి. అయిదారు పేర్లకు ఒక్క వరస చాలు. ఎటూ ప్రింటింగుకు డబ్బు పోస్తూనే ఉన్నాం కదా.

వచ్చే జాతరకు మీ ఊళ్లో పోస్టరు పడ్డప్పుడు ముందు అడుగున ఉన్న వరస చదవండి. పేర్లు లేకపోతే కమిటీ వాళ్లను అడగండి. ఈ ఏడాది తెర లాగినవాడి పేరు అచ్చులో చూసిన కుర్రాడే వచ్చే ఏడాది ఆ తాడు పట్టుకోవడానికి వస్తాడు.