గిరి తీసి గజం పెడితే

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర టిఫిన్ చేస్తుంటే మా బావ ఫోను నా ముందుకి తోశాడు. 18446744073709551615. కింద ‘వెయ్యేళ్ళ కిందటే తెలుగువాడికి 64 బిట్ కంప్యూటింగ్ తెలుసు!’ అని. ఈ మెసేజి నాకు ఏటా నాలుగైదుసార్లు వస్తుంది. పంపేది ఎక్కువగా నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే. అదీ నా బాధ.

సంఖ్య నిజమే. పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న చంపకమాల ఒకటుంది. చదరంగం మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, తర్వాత నాలుగు, ఇలా 64 గళ్ళూ రెట్టిస్తూ పోతే మొత్తమెంత? చంద్రుడంటే 1, వేదాలంటే 4, గిరి అంటే 7. ఒకట్ల స్థానం నుంచి ఎడమకి పేర్చుకుంటూ పోతే ఇరవై అంకెలూ దొరుకుతాయి. 64 బిట్లలో రుణ సంఖ్యలు లేకుండా పట్టే అతిపెద్ద పూర్ణాంకం కూడా ఇదే. రెండుచోట్లా 64 రెట్టింపులు ఉన్నాయి కాబట్టి కుదిరింది. మల్లనకి బిట్లతో పనేముంది? ఇదే సంఖ్యని అల్ బిరూనీ కూడా లెక్కగట్టి తన గ్రంథంలో రాశాడు. ఆయనకీ కంప్యూటర్ అంటగడదామా?

సాహిత్యం వాళ్ళు తక్కువ తిన్నారా అంటే, ‘చమత్కారం’ అని ఒక్క మాటనేసి తర్వాతి పద్యానికి వెళ్ళిపోతారు. ఆ పద్యంలో ‘గిరి’ అన్నచోట ఏ లేఖకుడో పొరపాటున ‘గజ’ అని రాశాడనుకోండి. రెండూ రెండేసి లఘువులే. గణాలు చెడవు, యతిప్రాసలూ చెడవు. చెవికి ఏ తేడా తెలీదు. కానీ 7 కాస్తా 8 అయి, లెక్క కోటి కోట్లు పెరిగిపోతుంది! ఛందస్సు ఈ తప్పుని పట్టలేదు. లెక్క పడుతుంది. చదరంగంలో పక్కపక్క గళ్ళని జతలుగా కలపండి: 1+2, 4+8, 16+32. అన్నీ 3తో పోతాయి, కాబట్టి మొత్తం కూడా పోవాలి. అంకెలన్నీ కూడితే 87. సరిపోయింది. గజం పెడితే 88. దొరికిపోయాడు.

ఇంకా గట్టి పరీక్ష కావాలా? మొదటి వరస ఎనిమిది గళ్ళ మొత్తం 255, అంటే 17 పదిహేనులు. మిగతా వరసలూ అంతే, 17తో నిశ్శేషంగా పోతాయి. ఇరవై అంకెల్లో ఏ ఒక్కటి మారినా 17 పట్టేస్తుంది. ఈ సంఖ్య కారణాంకాలు ఇవి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో చివరి నుంచి మూడోది 641 గురించి ఓ కథ ఉంది. 4294967297 ప్రధాన సంఖ్యే అయుండాలని ఫెర్మా నమ్మాడు. కాదు, 641తో పోతుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. ఆ 4294967297 మన చదరంగం సంఖ్యకి కూడా భాజకమే. గొప్పలు చెప్పుకోవాలంటే చెప్పుకోండి, కనీసం ఒక్కసారి భాగించి చెప్పుకోండి.

మల్లన చేసిన పని వేరు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగులోకి దించాడు, తెలుగు చదివేవాడు లెక్క చేసుకోవాలని. ఇప్పుడు ఇదే సర్కిల్ చుట్టూ హోర్డింగుల మీద ర్యాంకులున్నాయి. రెండేళ్ళ ఇంటర్‌లో నాకు లెక్కలు చెప్పిన ఏ ఒక్కరూ మల్లన పేరెత్తలేదు. నేనూ అడగలేదనుకోండి.

ఇదంతా బావకి చెప్పాను. విన్నాడో లేదో తెలీదు. కాసేపయ్యాక చూస్తే బిల్లు వెనక 17 ఎక్కం రాసుకుంటున్నాడు.