లాగేసింది నేనే

కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తాం? లాగేస్తాం. గాజుపెంకు దిగితే? అదీ లాగేస్తాం. ఆపైన ఇంత పసుపు అద్ది, పాత చీరపేలిక చుట్టి, "ఏం కాలేదులే నాన్నా" అంటాం. మన అమ్మలు చేసిందదే, మనం చేస్తున్నదీ అదే. ఆ అలవాటు ఒకరోజు నాచేత ఎంత పని చేయించిందో చెబుతాను.

మా అత్తవారిది ఉద్దానం. ఓ వేసవిలో మా ఆడపడుచు కొడుకు, పదకొండేళ్ళవాడు, జీడిచెట్టెక్కి జారి దడి మీద పడ్డాడు. వెదురుకర్ర ఒకటి విరిగి వాడి ఎడమ డొక్కలో దిగిపోయింది. "ఓలమ్మో, గుంటడు సచ్చిపోనాడర్రా!" అని మా అత్తగారు ఒకటే కేకలు. పరుగున వెళ్ళి నేను చేసిన మొదటి పని, ఆ కర్రను పట్టుకుని లాగెయ్యడం. వచ్చిన రక్తం చారెడు కూడా లేదు. "చదువుకున్న కోడలు, ఎంత ధైర్యంగా తీసేసిందో!" అని నలుగురూ మెచ్చుకున్నారు కూడా. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు రెండు కుట్లువేసి, టీటీ ఇంజక్షను ఇచ్చి వెళ్ళిపోయాడు.

రాత్రికి వాడు దాహం, దాహం అంటూ మొదలెట్టాడు. పెదాలు తెల్లబడ్డాయి, ఒళ్ళంతా చల్లటి చెమట, పొట్ట పలకలా బిగుసుకుపోయింది. టౌనుకి తీసుకెళ్ళాం.

"ఏం గుచ్చుకుంది? ఎంత లోతు దిగింది? ఎవరు తీశారు?" అని అడిగారు డాక్టరుగారు. పక్కనే అత్తగారు, ఆడపడుచు. నా నోట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "పడ్డప్పుడే ఊడిపోయిందండీ!"

ఆయన ఊరుకోలేదు. "మొత్తం వచ్చిందా? కొస విరిగిందా? వెదురు ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదమ్మా, మీరు చెబితేనే మాకు తెలిసేది" అన్నారు. అప్పుడు ఏడుస్తూ చెప్పాను, లాగేసింది నేనేనని. ఇంటికి ఫోన్ చేస్తే మా మరిది ఆ కర్రను పెంటకుప్పలోంచి వెతికి తీసి చూశాడు. కొస లేదు. ఆపరేషన్‌లో చిరిగిన ప్లీహాన్ని కుట్టి, వేలి గోరంత వెదురుముక్కను కూడా బయటికి తీశారు. పిల్లాడు దక్కాడు.

తర్వాత ఆ డాక్టరుగారినే విసిగించి కొంత, చదివి కొంత తెలుసుకున్నాను. చర్మం మీది కన్నం చూసి లోపలి గాయాన్ని కొలవకూడదట. లోపల దిగిన వస్తువు ఒక్కోసారి తెగిన రక్తనాళానికి తానే బిరడాలా అడ్డుపడి ఉంటుంది. లాగామా, కుండకి చిల్లు తెరిచినట్టే. కాబట్టి గునపమైనా, కత్తయినా దాన్ని అక్కడే ఉంచి, కదలకుండా చుట్టూ గుడ్డలు పేర్చి, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏమీ దిగి లేని కాలు, చేతి గాయంలోంచి రక్తం కారుతుంటే మాత్రం శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. పొట్ట చీలి పేగు బయటికొస్తే లోపలికి తొయ్యకూడదు, తడిగుడ్డ కప్పాలి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కనుక నోటికి నీళ్ళు కూడా పట్టకూడదు. మేం ఆ రాత్రి గ్లాసుల కొద్దీ పట్టాం!

ఇంకో మాట. పొట్టలో పోటు తగిలిన మనిషిని వెంటనే కొయ్యకుండా "చూద్దాం" అన్నారని మనవాళ్ళు ఆసుపత్రి మీద కేకలేస్తారు. ఒకప్పుడు అలాంటి ప్రతి గాయానికీ పొట్ట తెరిచేవారట. అక్కర్లేని కోతలు చాలా జరుగుతున్నాయని, పరీక్షిస్తూ కనిపెట్టి ఉండి అవసరమైతేనే కొయ్యాలని 1960లో న్యూయార్క్ సర్జన్ షాఫ్టన్ వాదించాడు. ఇప్పుడు బీపీ పడిపోతున్నా, పొట్ట బిగుసుకున్నా నేరుగా థియేటరుకే. నిలకడగా ఉంటే స్కానింగులు, గంటగంటకీ పొట్ట నొక్కి చూడడం. ఆ చూడడం కూడా వైద్యమే. చూడకుండా రెండు కుట్లేసి ఇంటికి పంపడమే తప్పు.

రక్తం గడ్డకట్టి నిలిచేలా చేసే ట్రానెగ్జామిక్ ఆసిడ్ అనే మందు కథ మన పేజీకి తగినది. దాన్ని కనిపెట్టింది జపాన్‌కు చెందిన ఉటాకో ఒకామోటో, ఆమె భర్త. 1962లో ఆ ఫలితాలు వెలువరించారు. కాన్పులో రక్తం పోయి చనిపోయే తల్లుల కోసం ఆమె తపన. చంటిదాన్ని వీపున కట్టుకుని ల్యాబులో పనిచేసిందట ఆ తల్లి! 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడినవాళ్ళ మీద జరిపి, 2010లో వెలువరించిన పరిశీలనలో ఆ మందు ప్రాణాలు నిలుపుతుందని తేలింది. కానీ గాయమైన మూడు గంటల్లోపు ఇవ్వాలి. గుమ్మలక్ష్మీపురం కొండల మీంచి డోలీలో దిగేవాళ్ళకి ఆ మూడు గంటలు ఎక్కడ మిగులుతాయి? 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి మీదపడి ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. గోరు దిగిన కన్నం చిన్నదే, లోతు పెద్దది. అలాంటి ఊళ్ళకి దగ్గర్లో ఆ మందు, ఇచ్చే మనిషి ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికా?

చివరగా, నా అబద్ధం సంగతి. నాది పరువు కోసం ఆడిన అబద్ధం. మొగుడు కత్తితో పొడిస్తే "కత్తిపీట మీద పడ్డానండీ" అని చెప్పే ఆడవాళ్ళు మన మధ్య లేరా? కత్తిపీట మీద పడితే ఒక తీరు, కత్తి పోటయితే ఇంకో తీరు. ఎంత పొడుగు కత్తి, ఎటునుంచి దిగింది, ఎన్ని పోట్లు అన్నది తెలియకపోతే డాక్టరు వెదకాల్సిన చోట వెదకలేకపోవచ్చు. పోలీసు కేసవుతుందని భయపడతాం. ముందు వైద్యం, తర్వాతే పోలీసు తతంగమని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. మొగుణ్ణి కాపాడుకోవాలనుకునే ఇల్లాలు ముందు బతకాలి కదా!

మొన్న మా పొదుపు సంఘం మీటింగులో అప్పుల లెక్కలయ్యాక పది నిముషాలు అడిగి తీసుకుని ఇదంతా చెప్పాను. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. వెనకనుంచి ఓ ముసలమ్మ లేచి, "మరి ముల్లు దిగినా తియ్యకూడదేటమ్మా?" అంది.

"ముల్లు తీసెయ్యి మామ్మా, గునపం మాత్రం తియ్యకు" అన్నాను.