కరకట్ట దారి ఎవరిది?

ఒక పక్క కొండ, ఇంకో పక్క నీళ్లు, మధ్యన మెలికలు తిరిగే నల్లటి రోడ్డు. పర్యాటక శాఖల క్యాలెండర్లలో, కార్ల ప్రకటనల్లో ఈ బొమ్మ మనకు బాగా అలవాటైంది. ప్రపంచంలోని అందమైన రోడ్లను లెక్కపెట్టేవారు ఇటలీలోని అమాల్ఫీ తీరాన్ని, ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఓషన్ రోడ్డును, అమెరికాలో బిగ్ సర్ కొండల అంచున పోయే తీర రహదారిని, దక్షిణాఫ్రికాలోని చాప్‌మన్స్ పీక్ దారిని తప్పక చెబుతారు. మనవాళ్లు విశాఖ - భీమిలి బీచ్ రోడ్డును చెబుతారు. నూజివీడు మామిడి తోటల వారికి అందుబాటులో వున్నవి బెజవాడలో ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు, కృష్ణ కరకట్ట.

ఆ బొమ్మల్లో కారు వుంటుంది, సూర్యాస్తమయం వుంటుంది. మనుషులు వుండరు. రోడ్డు వేసినవారు, రోడ్డు కోసం చోటు ఖాళీ చేసినవారు, రోడ్డు వారన బుట్ట పెట్టుకుని బతికేవారు ఎక్కడా కనపడరు. స్త్రీల హక్కుల పత్రికకు రోడ్ల అందంతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. కనపడని ఆ మనుషుల్లో ఎక్కువమంది స్త్రీలు కాబట్టే ఈ మాట మనం ఎత్తవలసి వస్తున్నది.

ముందు శ్రమ సంగతి చూద్దాం. గ్రేట్ ఓషన్ రోడ్డును 1919 నుంచి 1932 వరకు మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సుమారు 3,000 మంది సైనికులు పలుగూ పారలతో తవ్వారు. యుద్ధంలో చనిపోయిన తోటివారి స్మారకంగా ఆ రోడ్డు నిలిచింది. చాప్‌మన్స్ పీక్ దారిని 1915 - 1922 మధ్య వేయడానికి ఖైదీల చేత పని చేయించారు. 1937లో పూర్తయిన బిగ్ సర్ రహదారిలోనూ ఖైదీల చెమట వుంది. ఆ శ్రమ చరిత్రలో కొంతైనా నమోదైంది. అమాల్ఫీ కథ వేరు. 19వ శతాబ్దం మధ్యలో అక్కడ తీరం వెంట రోడ్డు వచ్చిన తరువాత కూడా కొండ వాలు మీది నిమ్మతోటల నుంచి వందల మెట్లు దిగి కాయల బుట్టలు మోసింది స్త్రీలే. వరసగా నడిచే వారిని అక్కడివారు చిన్న చీమలని పిలిచేవారు. రోడ్డుకు ప్రపంచ ప్రఖ్యాతి వచ్చింది. మోసినవారికి చీమలన్న పేరు మిగిలింది.

ఈ కథ నూజివీడు ప్రాంతపు స్త్రీలకు కొత్తగా అనిపించదు. చిన్న రసాలకూ బంగినపల్లికీ పేరు మోసిన ఈ నేలలో చాలా తోటల్లో చెట్టెక్కేదీ చిక్కంతో కాయ దింపేదీ మగవారు. కింద కాయలు ఏరేది, సొన తుడిచేది, సైజులవారీగా వేరు చేసేది, గడ్డి పరిచి సర్దేది ఆడవారు. మగవారి పని నేర్పుగా, ఆడవారి పని చేతిసాయంగా లెక్క. కూలిలో తేడాకు ఈ లెక్కే సాకు. లోడు నున్న మార్కెట్‌కు వెళ్లిపోతుంది. చిల్లరగా అమ్ముకోవడానికి మిగిలిన నాలుగు కాయలతో రోడ్డు పక్కన కూర్చునేదీ ఆడమనిషే. ఆమెకు రోడ్డు అంటే చూసి ఆనందించే దృశ్యం కాదు, రెండు నెలల సీజన్లో దొరికే దుకాణం.

ఆ రోడ్డును వెడల్పు చేసినా, తోటల మీదుగా కొత్త రోడ్డు వేసినా చెట్టుకు వెల కడతారు. డబ్బు భూమి యజమానికి ముడుతుంది. పాతికేళ్లుగా ఆ చెట్టు కింద కాయలు ఏరిన మనిషి జాబితాలో వుండదు. అయితే 2013 భూసేకరణ చట్టం ఆమెను పూర్తిగా మరిచిపోలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద పని చేస్తూ, అదే ప్రధాన జీవనాధారంగా వున్న కూలీల, కౌలుదారుల కుటుంబాలను కూడా బాధిత కుటుంబాలుగా ఆ చట్టం గుర్తించింది. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా లెక్కించాలని చెప్పింది. ఈ రెండు మాటలూ ప్రతి కూలిపేటకూ తెలియాలి. సర్వే చేసేవారు యజమాని గుమ్మం దగ్గరే ఆగిపోతే, కూలిపేట దాకా వారిని తీసుకువెళ్లే పని సంఘాలది.

ఇక కరకట్ట సంగతి. 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టినప్పటి నుంచి బెజవాడలో నది ఒడ్డు నగరానికి అలంకారమైంది. బ్యారేజీకి దిగువన కృష్ణలంకలో, రాణిగారితోట, భూపేష్‌గుప్తా నగర్ వంటి పేటల్లో నది అంచున బతుకుతున్నది పేదలు. 2009 అక్టోబరులో, 2019 ఆగస్టులో వరద వచ్చినప్పుడు సామాను నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని శిబిరాలకు పోయింది ఈ ఒడ్డు పేటల వారే. ఆ తరువాత రక్షణ గోడ వచ్చింది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పారినప్పుడు ఆ గోడే కృష్ణలంకను కాపాడింది. అది ఎన్నో ఏళ్లు అడిగి సాధించుకున్న రక్షణ, సంతోషించవలసిన విషయం.

అయితే ఇక్కడే మనం మెలకువగా వుండాలి. మునిగినంత కాలం ఆ ఒడ్డు పేదలది. మునగడం ఆగగానే అది అందమైన చోటవుతుంది. అందమైన చోటుకు ధర వస్తుంది, ధర వచ్చిన చోట పార్కులూ రోడ్లూ హోటళ్లూ కావాలంటారు, అప్పుడు గుడిసె కంటికి అడ్డమవుతుంది. గోడ కట్టింది ఎవరి ప్రాణం కోసమో ఆ ప్రాణులే ఆ గోడ నీడన వుండగలగాలంటే ఇంటి పట్టా కావాలి. ఆ పట్టా మీద స్త్రీ పేరు వుండాలి. భర్త పేరున మాత్రమే వున్న కాగితం అప్పుకో తాగుడుకో పోయిన కథలు మన కార్యకర్తలకు కొత్తగా చెప్పనక్కరలేదు.

విశాఖ తీరంలో ఇదే ప్రశ్న ఉప్పునీటి పక్కన వుంది. 1991 ఫిబ్రవరి 19న వచ్చిన తీర క్రమబద్ధీకరణ నోటిఫికేషన్ అలల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలకు నియమాలు పెట్టింది. పట్టణ ప్రాంతాల్లో అప్పటికే వున్న రోడ్డుకు సముద్రం వైపున కొత్త భవనాలు కట్టకూడదన్నది. నేల వైపున నిబంధనలకు లోబడి కట్టుకోవచ్చు. అంటే చట్టం దృష్టిలో రోడ్డు ఒక గీత అయింది. ఒక పక్క ఇసుక, చేపలు ఎండబెట్టుకునే జాగా. మరో పక్క సముద్రం కనపడే కిటికీల వ్యాపారం. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువగా వున్న గ్రామీణ తీరంలో నిర్మాణాలు కూడని హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను బీచ్ రోడ్డును ఎలా కోసిందో చూసిన తరువాత కూడా సముద్రానికి ఇంకా దగ్గరికి పోవాలనే తొందర తగ్గలేదు. జాలరిపేటల ఆడవారికి మాత్రం పడవ దిగిన చేపను వేలం పాడుకోవడానికి, ఎండబెట్టుకోవడానికి, గంప దించుకోవడానికి చోటు ఏడాదికేడాది ఇరుకవుతున్నది.

పొరుగున మద్రాసులో జరిగింది గుర్తుంచుకోదగినది. మెరీనా తీరంలో బెస్తపేటల ముందు నుంచి వేసిన లూప్ రోడ్డులో చేపల దుకాణాల వల్ల వాహనాలు ఆగిపోతున్నాయని 2023 ఏప్రిల్‌లో హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. నగరపాలక సంస్థ దుకాణాలు తొలగించింది. చేపలమ్మే స్త్రీలు రోడ్డు మీదనే బైఠాయించారు. ముందు వచ్చింది పేట, తరువాత వచ్చింది రోడ్డు. అయినా అడ్డం వచ్చినవారని పేరు పడింది చేపలమ్మే స్త్రీలకు.

రోడ్లు వద్దని మనం అనడం లేదు. పురిటి నొప్పులతో వున్న మనిషిని మంచం మీద మోసుకుపోవలసిన పల్లెలు ఇంకా వున్నాయి. అక్కడ రోడ్డే ప్రాణం. ఆడపిల్లను హైస్కూలుకు చేర్చేదీ రోడ్డే. నది ఒడ్డున సాయంత్రం పూట కాసేపు ఊరికే కూర్చోవడం కూడా హక్కే. కూలి చేసి వచ్చిన స్త్రీకి ఆ తీరిక విలాసమని ఎవరూ అనడానికి వీల్లేదు. కానీ కూర్చోవాలంటే దీపం వుండాలి, నీళ్లున్న మరుగుదొడ్డి వుండాలి, తిరిగి ఇంటికి చేర్చే ఆఖరి బస్సు వుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. టికెట్ లేకపోవడం ఒక మేలు. చీకటి పడ్డాక కూడా బస్సు రావడం రెండోది. దాన్ని కూడా అడగాలి. అందమైన రోడ్డు మీద మరుగుదొడ్డి కన్నా ముందు బ్రాందీ షాపు వచ్చే రివాజును కూడా ప్రశ్నించాలి. రహదారుల పక్క 500 మీటర్లలో మద్యం షాపులు కూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, షాపులు కదిలించడానికి బదులు కొన్ని రాష్ట్రాలు రహదారుల హోదానే మార్చివేశాయి. సారా ఉద్యమం నడిపిన నేల మీద ఈ గారడీ అర్థం కాని స్త్రీ లేదు.

కాబట్టి నది ఒడ్డునో సముద్రపు ఒడ్డునో కొండ అంచునో రోడ్డు ప్రతిపాదన వచ్చిన ప్రతిచోటా మన సంఘాలు కొన్ని పనులు పెట్టుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద ప్రణాళికనూ బాధితుల జాబితానూ అడిగి తెచ్చి, పేటలో చదివి వినిపించాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తికాక ముందు ఎవరినీ తొలగించకూడదు, తొలగించదలిస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ వ్యాపార కమిటీలోని వీధి వ్యాపారుల ప్రతినిధుల్లో మూడో వంతు స్త్రీలు వుండాలి. మన ఊళ్లో ఆ కమిటీ వున్నదా, అందులో ఏ స్త్రీలు వున్నారు, వారిని సమావేశాలకు పిలుస్తున్నారా అని అడగాలి. రోడ్డు పనిలో తట్ట మోసే స్త్రీలకు సమాన కూలి, పిల్లలకు నీడ అడగాలి. 50 మందికి మించి స్త్రీలున్న నిర్మాణ పనుల్లో శిశు సంరక్షణ గది వుండాలని 1996 నాటి చట్టమే చెప్పింది. ఆ పాత చట్టాలు 2019, 2020 కార్మిక కోడ్‌లలో కలిసిపోయాయి గానీ ఎండలో చెట్టుకు కట్టిన ఉయ్యాల మారలేదు.

ఆస్ట్రేలియాలో రోడ్డు తవ్విన సైనికులకు స్మారకం వుంది. మన స్త్రీలు అడుగుతున్నది స్మారకం కాదు. బతికి వుండగా, తాము మోసిన రోడ్డు వారన బుట్ట పెట్టుకునే చోటు, వరద తగ్గిన తరువాత తిరిగి చేరుకునే ఇల్లు, చీకటి పడ్డాక భయం లేకుండా నడిచే దారి. మీ ప్రాంతంలో ఇలాంటి రోడ్డు వస్తున్నట్లయితే, అక్కడి స్త్రీలతో ముందుగా కూర్చోండి. వారు ఏమన్నారో మాకు రాయండి. ఆ మాటలను పత్రికలో వేస్తాం, అధికారుల బల్ల మీదకూ చేరుద్దాం.