బొగ్గు సెస్సు సొమ్ము ఏదీ?

ఉద్దానం ప్రజలారా, విద్యార్థులారా!

2025 సెప్టెంబరు 22 నుంచి బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల సెస్సు ఎత్తేశారు. ఊరట అంటూ చంకలు గుద్దుకున్నారు. ఆ సెస్సు ఎందుకు పెట్టారో ఒక్కరూ నోరెత్తలేదు.

2010 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ దాన్ని ప్రకటించారు. టన్నుకు 50 రూపాయలు వసూలు చేసి, స్వచ్ఛ ఇంధన పరిశోధనకు నిధి పెడతామన్నారు. జులై 1న వసూలు మొదలైంది. రెండు వారాలు తిరక్కుండానే, జులై 14న, బీల చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు సోంపేటలో మన మీద తుపాకులు పేలాయి. ఏలినవారి మనసు ఎటుందో ఆ రోజే తేలిపోయింది.

ఆ 50ని 400 దాకా పెంచుకుంటూ పోయారు. 2018 మార్చి దాకా వసూలైంది 86 వేల కోట్ల పైచిలుకు. నిధికి చేరింది 30 వేల కోట్లు కూడా కాదు. ఖర్చు పెట్టింది 16 వేల కోట్ల లోపే. వసూలైన రూపాయికి 18 పైసలు! అందులోనూ గంగ ప్రక్షాళనకు పంచారు. 2017లో జీఎస్టీ రాగానే సెస్సును రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్లించి నిధికి నీళ్లొదిలారు.

నేను ఫిజిక్స్ మాస్టారిని. నా దగ్గర చదువుకున్న అమ్మాయి గోరంత సోలార్ సెల్ తయారుచేసింది. దీపం కింద పెడితే మీటరు ముల్లు లేచింది. నాలుగు రోజులకే తేమ తగిలి సెల్ పసుపెక్కి చచ్చిపోయింది. తేమ చొరబడని గాజు పెట్టె కావాలని అర్జీ పెట్టుకుంటే, రెండేళ్లకు వచ్చిన జవాబు: "నిధులు లేవు."

లేవా? మన కరెంటు బిల్లుల్లో కలిపి గుంజిన వేల కోట్లు ఏ గంగలో కలిశాయి? బొగ్గు దొరలకు గనులు కావాలంటే ఫైళ్లు పరుగెడతాయి. ఆడపిల్లకు గాజు పెట్టె కావాలంటే ఖజానాకు తాళం పడుతుంది. ఇది దగా!

బొగ్గు ఆపితే చీకటే అని బెదిరిస్తారు. రేపే ఆపమని ఎవరన్నారు? బొగ్గు సొమ్ముతో బొగ్గు తర్వాతి దారి వెతకమన్నాం. జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచాంగా అంటారు. అందులో పరిశోధన వాటా ఎంతో చూపించమనండి!

మన డిమాండ్లు:
1. బొగ్గు జీఎస్టీలోంచి టన్నుకు 50 రూపాయలు పరిశోధనకే చట్టంలో రాయాలి.
2. మళ్లించిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి.
3. మన యూనివర్సిటీల ల్యాబ్‌లకు నేరుగా నిధులివ్వాలి.

గ్రామసభల్లో తీర్మానాలు చేయండి. ఓటుకొచ్చిన ఎంపీని గుమ్మంలోనే నిలబెట్టి అడగండి. ఆనాడు కదలకుండా నిలబడ్డాం కాబట్టే సోంపేటలో ఆ ప్లాంటు లేవలేదు. మళ్లీ నిలబడదాం!