తెర మీద ఇంగ్లీషు సరే, తెర ముందు పంతులేడీ?

బడి గోడకు పెద్ద డిజిటల్ బోర్డు బిగించారు. బిగించి దానికి గుడ్డ కప్పారు. ఇదేందయ్యా అంటే దుమ్ము పడుద్ది, పిల్లలు పాడుచేస్తారు అన్నారు. రిమోట్ బీరువాలో పెట్టి తాళం వేశారు. మా మండలంలో మేం కళ్ళారా చూసిన ఒక బడి సంగతిది. వెనకటికి మనల్ని బావి గిలక ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు రిమోట్ ముట్టుకోనివ్వడం లేదు.

ముందొక మాట తేల్చుకుందాం. ఇంగ్లీషు మాకు కావాలి. ఇందులో బేరం లేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడతామని 81, 85 నంబర్ల జీవోలు ఇచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతుందని గుండెలు బాదుకున్నదెవరు? పొద్దున్నే తమ పిల్లల్ని కాన్వెంటు బస్సెక్కించి వచ్చిన పెద్దమనుషులే. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. మన మాల మాదిగ పల్లెల్లో మాట్లాడే మాట వీళ్ళకు ఏనాడు తెలుగుగా కనపడింది గనక? అది యాసంట, మోటంట!

అట్లాగని ఇంగ్లీషు పేరు చెప్పి చేతిలో బొమ్మ పెడితే చప్పట్లు కొట్టం. 2022 డిసెంబరులో ఆంధ్రాలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. 2023లో గోడల మీదికి బోర్డులొచ్చాయి. పరికరం మీద మాకు కోపం లేదు. పరికరాన్ని చూపించి పంతుల్ని ఎగ్గొట్టడం మీదే మా కోపం. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు చెప్పారు. ఉన్న ఒక్క ఫోను నాన్న జేబులో పడి కూలికి పోయిన ఇంట్లో పాఠం ఎవరు విన్నట్టు? టీవీ ఉన్న ఇంట్లో మాత్రం, అర్థం కాలేదని చెయ్యెత్తిన పిల్లకు టీవీ ఏమని బదులిచ్చింది?

భాష చెవితో వచ్చుద్ది, నోటితో నిలబడుద్ది. తెర వినిపిస్తది, అంతే. తప్పు పలికితే దిద్దేది మనిషి. దొరగారి పిల్లోడికి ఇంట్లో అమ్మా నాన్నా ఇంగ్లీషులో పలుకుతారు, తెర వాడికి రెండో పంతులు. మన పిల్లోడికి తెరే మొదటి పంతులు, తెరే ఆఖరి పంతులు. పైగా పదో తరగతి పబ్లిక్ పరీక్షలో వాడి నోరు తెరిపించే పరీక్షే లేదు. ఇక బోర్డు మీది గుడ్డ ఎవరు తీస్తారు?

మరి తెరతో ఏం చెయ్యాలంటారా? సినిమా వెయ్యండి. జబ్బార్ పటేల్ తీసిన అంబేద్కర్ సినిమా ఉంది, ఇంగ్లీషులోనే తీశారు, అంబేద్కర్‌గా వేసిన మమ్ముట్టికి జాతీయ అవార్డొచ్చింది. మూడు గంటలూ ఒక్కసారే వేస్తే పిల్లలు నిద్రపోతారు, మనమూ పోతాం. మహద్ చెరువు ఘట్టం తీసుకోండి. మూడు నిమిషాలు చాలు. మొదట శబ్దం తీసేసి వెయ్యండి, ఏం జరుగుతోందో పిల్లల్నే చెప్పమనండి, తెలుగులో చెప్పినా సరే. తర్వాత శబ్దంతో, ఆ తర్వాత కింద ఇంగ్లీషు అక్షరాలతో. అప్పుడు ఆపండి. నీళ్ళు ఎవరివి, ఎవరు తాగొద్దన్నారు, నువ్వైతే ఏం చేస్తావు? ఇంగ్లీషులో ఒక్కొక్కరూ ఒక్క ముక్క. 1927లో చౌదర్ చెరువులో ఎందుకు దోసిలి పట్టాల్సి వచ్చిందో మన వాడ పిల్లకు ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. పుట్టినరోజు కేకు పాఠంలో పెగలని నోరు అక్కడ పెగులుద్ది. పెద్ద పిల్లలకు 1955లో బాబాసాహెబ్ బీబీసీకిచ్చిన ఇంటర్వ్యూ వినిపించండి. ఆయన గొంతుతోనే ఇంగ్లీషు వింటారు.

ఈ పని బడిలోనే జరగాలని లేదు. ఏప్రిల్ 14కి డీజే బాక్సులకు చందాలేసుకుంటాం కదా, చెబితే మనవాళ్ళకే కోపమొస్తది గానీ, ఆ డబ్బులో సగంతో అంబేద్కర్ భవనంలో ఒక ప్రొజెక్టరు వస్తది. వారానికి రెండు రాత్రులు డిగ్రీ చదివిన మన పిల్లలు కూచోవాలి. ఆడపిల్లలు వచ్చేట్టు వేళ పెట్టాలి.

అట్లాగని సర్కారును వదలం. అన్నలారా, అక్కలారా, ఈసారి తల్లిదండ్రుల కమిటీ మీటింగుకు వేలిముద్ర వేసి వచ్చేయకండి. ఇంగ్లీషు పంతులు పోస్టు ఎప్పుడు నింపుతారో కాగితం మీద రాసిమ్మనండి. బీరువా తాళం తీయించి, బోర్డు అక్కడే వేయించి చూడండి.