వేగం సరే, వేడి సంగతేమిటి?



ఈమధ్య మన హాస్టల్లో కంప్యూటర్ మాటొస్తే "మీదెంత గిగాహెర్ట్జ్?" అన్నదే మొదటి ప్రశ్న. కంపెనీ వాడు పెట్టిన హద్దు దాటించి ప్రాసెసర్‌ని పరుగెత్తించడం, అదే ఓవర్‌క్లాకింగ్, మనవాళ్లకో సరదా. కొత్త సరదా కాదు లెండి. 1998లో ఇంటెల్ వారి సెలెరాన్ 300ఏ అనే చవక చిప్‌ని 300 నించి 450 మెగాహెర్ట్జ్‌కి ఎక్కించి కుర్రకారు చంకలు గుద్దుకున్నారు. సరదాని నేను కాదనను. నా తగువల్లా ఖర్చు పెట్టే చోటు గురించే.

అందరి చూపూ ప్రాసెసర్ మీదే. దాని నెత్తిన వేల రూపాయల కూలర్. దాని పక్కనే మదర్‌బోర్డు మీద చింతగింజల్లా బారులు తీరిన మాస్‌ఫెట్లని పట్టించుకునేదెవరు? పవర్ సప్లయి నించి వచ్చే 12 వోల్టుల్ని ఒకటీ ఒకటింపావు వోల్టులకి దించి ప్రాసెసర్‌కి అందించేవి అవే. 200 వాట్లు తాగే ప్రాసెసర్‌కి 1.2 వోల్టుల దగ్గర 160 ఆంపియర్లు పైగా కావాలి. మన ఇస్త్రీపెట్టె తీసుకునేది నాలుగో అయిదో! ఈ మార్పిడిలో పదోవంతు వృథా అయినా ఇరవై వాట్ల పైచిలుకు వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని బోర్డుకి ఆనించి వదిలేసినట్టే గదా?

పైగా శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం పదిశాతం, వోల్టేజి పదిశాతం పెంచితే వేడి మూడోవంతు పెరుగుతుంది. మాస్‌ఫెట్లు భరించలేనప్పుడు బోర్డే వేగాన్ని తగ్గించేస్తుంది. వేలు పోసి కొన్న వేగం కాస్తా గంగలో కలిసినట్టే. నీళ్ల గొట్టాల కూలర్ పెడితే ఇంకో చిక్కు: మామూలు కూలర్ ఫ్యాను నించి వీటికి తగిలే కాస్త గాలీ పోతుంది.

మన ఉద్దానం తీరం సంగతి మరీ వేరు. ఫ్యాను ఎంత తిరిగినా గదిలో గాలికన్నా చల్లగా ఏ భాగాన్నీ ఉంచలేదు. అంతకన్నా చల్లబరుస్తానని ఐసు నీళ్లకి దిగితే, ఉక్కపోత రోజున చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టు బోర్డుకీ పడుతుంది. తడి, దానిమీద సముద్రపు ఉప్పుగాలి, ఆపైన దుమ్ము! రాగి కాళ్లకి పచ్చటి చిలుం పట్టడానికి ఇంకేం కావాలి? కేబినెట్ తలుపు తీసిపెడితే చల్లగా ఉంటుందనే పండితులున్నారు. నాలుగు రోజులు నిజమే. ఆ తరవాత హీట్‌సింకు రెక్కల మధ్య దుమ్ము మెత్త వేస్తుంది.

పలాసలో జీడిపప్పు ఆరబెట్టేవారినడగండి, వేడి ఒక్కటే చాలదు, గాలి ఆడాలంటారు. ఇక్కడా అంతే. మాస్‌ఫెట్ల మీద సరైన థర్మల్ ప్యాడ్, అల్యూమినియం హీట్‌సింకు, దానికెదురుగా 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి, నెలకోసారి మెత్తటి బ్రష్షు. వీటికయ్యే ఖర్చు నీళ్ల కూలర్‌లో ఏపాటి? నాన్న జీడితోట మీద వచ్చిన డబ్బుతో బోర్డు కొన్నవాడికి అది మాడితే రెండోది రాదు. ఓవర్‌క్లాకింగ్ వల్ల పోయిందంటే వారంటీ సాధారణంగా వర్తించదు కూడాను.

యూనియన్‌వారు ఓవర్‌క్లాకింగ్ పోటీ పెట్టాలని కొందరు కోరుతున్నారు. పెట్టండి, నేనూ వస్తాను. అయితే ఏసీ లేని గదిలో, మే నెల మధ్యాహ్నం, కేబినెట్ తలుపు మూసి, పూర్తి భారం మీద గంటసేపు నడపాలి. ఆ గంటలో వేగం ఒక్కసారి పడిపోయినా ఆ కుర్రాడు ఔట్.